నేల తెలిసే బూట్లు

కడోదరా, సూరత్
మార్చి, హోలీ వెళ్లిన వారం

అన్న సాంబయ్యకు చెల్లె నర్సవ్వ దండం పెట్టి రాయించేది.

మేము బాగున్నామో లేదో ఈ ఉత్తరం చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీకు ఫోన్ చేస్తే సిరిసిల్లలో మీ వాడకట్టంతా వింటుంది, నీకొక్కడికే వినపడదు. అందుకే చెప్పి రాయిస్తున్నాను. రాసేది నా కోడలు విజయరాణి. నేను చెప్పింది చెప్పినట్లు ఉండాలి, కానీ పేపర్లో రాసినట్లు మర్యాదగా ఉండాలి అని ముందే చెప్పాను. తన మీద నేను చెప్పే చాడీలు కూడా తనే రాయాలి. కలం ఆగితే నాకు చప్పుడు తెలుస్తుంది.

సంగతి ఇది. నీ మేనల్లుడు పరమేశ్ నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలని చూస్తున్నాడు. ఒక్కదాన్నే గడప దాటొద్దట. పొద్దున బగీచాకు పోవొద్దట, కూరగాయలకు పోవొద్దట. మగ్గాల కార్ఖానాలో వందమంది మీద మేస్త్రీ కదా, ఇంటికొచ్చి నా మీద కూడా మేస్త్రీతనం చేస్తాడు. "నా మాట ఇనకుంటే మామకు రాస్త. మామ ఏమంటే గదే" అన్నాడు. "రాయి బిడ్డా, మీ మామకు నేను నీకంటే ముందు చెల్లెను" అన్నాను. మన బాపు పోయినప్పటి నుంచి ఈ వంశంలో నీ మాట దాటినవాళ్లు లేరు, నేను తప్ప. ఈసారి నేనూ దాటను. అందుకని ముందు నా మాట విను.

తగువంతా నా బూట్ల గురించి.

పోయిన ఏడాది నా మోకాళ్లు పట్టేస్తే వాడు ఒక జత తెచ్చాడు. కింద దిండు, వెనక దిండు, పక్కన దిండు. వేసుకుంటే పరుపు మీద నిలబడ్డట్టు ఊగిపోయాను. ముందు ఇరుకు, వేళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. బగీచా గేటు దగ్గర మెట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో నా కాలికి తెలియనేలేదు. పక్కింటి జసుబెన్ రెక్క పట్టుకోకపోతే ఆ రోజే నా పళ్లు రాలేవి.

తర్వాత కామ్‌రేజ్ రోడ్డు మీద ఒక ఫిజియో డాక్టరమ్మ దొరికింది. పేరు హిమశ్రీ, రాజమండ్రి దిక్కు పిల్ల, నన్ను "మామ్మగారూ" అంటుంది. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. గట్టి నైలాన్ దారం ముక్కతో అరికాలు కింద అక్కడక్కడ తాకింది. తాకినప్పుడల్లా నేను "ఆఁ" అన్నాను. ఒక్కటీ తప్పలేదు. అప్పుడు తన కాళ్లకున్న బూట్లు విప్పి చూపించింది. అడుగు పలుచన, మడమ కింద ఎత్తు లేదు, ముందు వెడల్పు, వేళ్లు విప్పుకుని కూర్చుంటాయి. "మీవి మగ్గం తొక్కిన పాదాలు మామ్మగారూ, వీటికి దిండ్లు అక్కర్లేదు, నేల తెలిస్తే చాలు. కానీ నెమ్మదిగా మొదలెట్టండి, ముందు ఇంట్లో, తర్వాత వీధిలో. స్పర్శ పోయినవాళ్లయితే ఇవి అస్సలు వేసుకోమనను, వాళ్లకు మందపాటివే కావాలి" అంది.

నెమ్మదిగానే మొదలుపెట్టాను. పిక్కలు నొప్పి పుట్టాయి, తగ్గాయి. ఇప్పుడు బజారుకు అవే, బగీచాకు అవే. కింద కూర్చుని చేయి ఆనించకుండా లేస్తున్నాను. ఒంటికాలి మీద నిలబడి జసుబెన్‌తో కబుర్లు చెబుతున్నాను. జసుబెన్ నా బూటును చుట్టి గుప్పిట్లో పట్టుకుని "బా, ఆ తో రోట్లీ ఛే!" అని నవ్వింది. రొట్టె అయితే ఏమి, ఈ వయసులో నన్ను నిలబెట్టింది ఆ రొట్టే. నా కోడలికి మాత్రం నామోషీ. పెళ్లిళ్లకు పోయేటప్పుడు "అత్తా, జర మంచి చెప్పులేసుకోరాదే" అంటుంది. రాయి పిల్లా, రాయి.

ఇంతే నా మాట. పరమేశ్ ఇంకేమైనా రాస్తే అది వాడి భయం అనుకో. తీర్పు కాగితం మీద రాసి పంపు. వాడి ముందు చదివిస్తాను.

నీ చెల్లె
నర్సవ్వ


సిరిసిల్ల
ఏప్రిల్

చెల్లె నర్సవ్వను అన్న సాంబయ్య దీవించి స్వహస్తంతో రాయునది.

నీ ఉత్తరం, నీ కొడుకు ఉత్తరం ఒకేరోజు వచ్చాయి. పోస్టుమన్ రెండూ చేతిలో పెట్టి "ఏంది సాంబన్నా, ఇంట్ల కోర్టు గిట్ల పెట్టినవా?" అన్నాడు. అదేమిటో సరిగ్గా వినపడక "అవును, బాగున్నా" అన్నాను. మీ వదినె ఎల్లవ్వ చెబితే తర్వాత తెలిసింది.

నీ వాదం చదివాను. బాగుంది. చిన్నప్పుడు బాపు ముందు కూడా ఇట్లాగే వాదించేదానివి, తప్పు నీదైనా దెబ్బలు నాకు పడేవి. అందుకే నీ ఉత్తరంలో ఏముందో చూడటం కంటే ఏం లేదో చూడటం నాకు అలవాటు.

పరమేశ్ రాశాడు: హోలీకి ముందు నువ్వు ఆ పలుచటి బూట్లతోనే మీ ఇంటి ముందు పడ్డావట. మణికట్టు వాచిందట. మందపాటి వాటితో పడబోయిన సంగతి ఇంత పొడుగు రాయించావు, పలుచటి వాటితో పడిన సంగతి ఒక్క ముక్క లేదు. ఎందుకు? జవాబు వచ్చేదాకా తీర్పు లేదు. అంతవరకు ఒక్కదానివి బయటికి పోకు. ఇది నా మాట.

ఇక బూటు మందమా పలుచనా అన్నది బూట్లు వేసుకునేవాళ్ల తగువు. నా కాళ్లకు జన్మలో ఏదీ తగలలేదు. మొన్న వడ్రంగి బ్రహ్మచారి మనవరాలి పెళ్లిలో మిట్టమధ్యాహ్నం బండలు పెనంలా కాలుతుంటే పెళ్లికొడుకు తరఫు కుర్రవాళ్లు ఒకటే గెంతడం. నేను నింపాదిగా నిలబడి అక్షింతలు వేసి వచ్చాను. "పెద్దమనిషి కాళ్లంటే ఇవిరా" అన్నారు. ఎల్లవ్వ మాత్రం ఇంటికి వచ్చేదాకా సణుగుతూనే ఉంది.

ఇంకా మగ్గం గుంటలో దిగుతూనే ఉన్నాను. నీకొక తువ్వాల నేసి పంపుతున్నాను. మన బాపు నేర్పినది, కాళ్లతో నాలుగు కట్టెలు తొక్కి నేసే గళ్ల తువ్వాల. ఇట్లాంటిది నేసేవాళ్లు ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు. ఇంట్లో కసరత్తు చేసుకుని దానితో చెమట తుడుచుకో.

నీ అన్న
సాంబయ్య


కడోదరా, సూరత్
మే

అన్నకు నర్సవ్వ చెప్పి రాయించేది.

పడ్డాను. నిజమే. నీకెందుకు రాయించలేదో ఇప్పుడు చెబుతాను. ఈ ముక్క నీకు మాత్రమే, పరమేశ్‌కు కాదు.

బూట్లు నన్ను పడేయలేదు. ఆ రోజు పొద్దున కాళ్లు దూర్చగానే ఏదో తేడా అనిపించింది. తొందరలో పట్టించుకోలేదు. గడప దిగేటప్పుడు నేల అందాల్సిన చోట అందలేదు, కాలు లోపల జారింది. పడ్డాక వేలు పెట్టి చూస్తే ఏముంది! లోపల మెత్తటి జిగట రబ్బరు దిండ్లు. పెట్టింది ఎవరో నేను చెప్పను, రాస్తున్నవాళ్లే చెప్తారు.

(పెద్దబాపూ, నేను విజయరాణిని. దిండ్లు పెట్టింది నేనే. అత్త కాళ్లకు రాళ్లు గుచ్చుకుంటాయేమోనని కతర్‌గామ్ బజారులో కొని, చెప్పకుండా లోపల పెట్టాను. చెబితే తీసి పారేస్తదని తెలుసు. అత్త పడినప్పుడు ఆయన బూట్ల మీద కేకలు వేస్తుంటే నేనే పెట్టానని చెప్పలేకపోయాను. అత్త ఆ దిండ్లను కొంగులో చుట్టి దాచి "నా కాలే తప్పింది" అంది. నన్ను క్షమించండి.)

చాలు, ఏడుపు కాగితం మీద పడితే అక్షరాలు కరుగుతాయి. అన్నా, ఆమె ప్రేమకొద్దీ చేసింది. వాడికి తెలిస్తే కార్ఖానాలో అరిచినట్లు అరుస్తాడు. ఆ అరుపులు ఆమె పడటం కన్నా నేను పడటమే నయం. అందుకే దాచాను. ఇంట్లోనే కూర్చోమన్నావు, కూర్చున్నాను. నా వాదం అయిపోయింది.

ఇప్పుడు నీ సంగతి.

తువ్వాల అందింది. మోకాళ్ల మీద పరిచి చేత్తో తడిమాను. నాకు అక్షరం రాదు కానీ నీ నేత చదవడం వచ్చు. మొదట బాగానే ఉంది. జానెడు దాటాక గడి ఎత్తు తప్పింది. మూడో కట్టె తొక్కాల్సిన చోట రెండోదే మళ్లీ తొక్కావు. ఇంకాస్త పోయాక మళ్లీ. చివర్లో అయితే గడే లేదు, చదునుగా పోయింది. నువ్వు ఇట్లాంటి తప్పు నేస్తే విప్పకుండా ఉండవు. అంటే తప్పు జరిగినట్లే నీకు తెలియలేదు.

గుర్తుందా? బాపు మన కళ్లకు గుడ్డ కట్టి మగ్గం గుంటలో దింపి "కాలు ఏ కట్టె మీదుంది?" అని అడిగేవాడు. నువ్వు ఒక్కసారి కూడా తప్పలేదు. నేను తప్పితే నవ్వేవాడివి. ఆ కాళ్లు ఇప్పుడు కట్టె తప్పాయి. కాలిన బండల మీద నిలబడి గొప్పలు కూడా రాశావు. ఆ ముక్క కోడలు చదువుతుంటే నాకు నవ్వు రాలేదు. బండ కాలితే కాలు తీయాలి అన్నా. తీయకపోతే ఓర్పు అనుకున్నావా?

నీకు సుగర్ వచ్చి ఎన్నేండ్లయింది? గోళీలు వేసుకుంటున్నావా?

హిమశ్రీ దగ్గర అడిగి దారం ముక్క తెచ్చి ఇందులో పెట్టాను. కళ్లు మూసుకో. వదినెను అరికాలు కింద తాకించమను. ఎక్కడ తాకిందో చెప్పు. ఏమైందో నిజం రాయి. ఏం లేదో చూడటం నాకూ వచ్చు.

నర్సవ్వ


సిరిసిల్ల
మే చివర

చెల్లె నర్సవ్వకు.

విజయరాణిని ఏడవొద్దని చెప్పు. దిండ్ల సంగతి నా దగ్గరే ఉంటుంది.

తీర్పు ఇస్తున్నాను. నువ్వు నీ పలుచటి బూట్లు వేసుకుని బగీచాకు, బజారుకు, ఎక్కడికైనా ఒక్కదానివే పో. ఎవరూ ఆపరాదు. పరమేశ్‌కు వేరే కాగితం మీద రాశాను, ఇందులోనే ఉంది, చదివించు. నీ గెలుపు పూర్తి.

తువ్వాల సంగతి అంటావా, ఇక్కడ కరెంటు సరిగా ఉండటం లేదు. చీకట్లో నేశాను. కళ్లు కూడా మునుపటిలా లేవు.

ఎండలు ముదిరాయి. మామిడికాయ తొక్కు పెట్టింది ఎల్లవ్వ. కార్ఖానాకు వచ్చే మనిషి ఎవరైనా దొరికితే పంపుతాను.

సాంబయ్య


కడోదరా, సూరత్
జూన్

అన్నకు.

నీ తీర్పు అందింది. తీసుకోను.

నేల మీద నడిచేవాళ్లకు తీర్పు ఇవ్వాలంటే ముందు నీ కాలికి నేల తెలుస్తుందో లేదో చెప్పాలి. దారం గురించి ఒక్క ముక్క లేదు. నాలుగు కట్టెల నేతకు వెలుగెందుకు? బాపు కళ్లకు గుడ్డ కట్టి నేర్పిన పని అది. కరెంటు మీద నింద వేయడానికి సిగ్గు లేదా?

నీ కాగితం పరమేశ్‌కు చూపించలేదు. నా బూట్లు మేకుకు తగిలించాను. జసుబెన్ రోజూ పొద్దున వచ్చి "బా, చలో" అంటుంది. "ఆజ్ నహీ" అంటున్నాను. నా మోకాళ్లు మళ్లీ పట్టేస్తున్నాయి, రాత్రి నూనె రాసుకుంటున్నాను. పరమేశ్ మహా సంతోషంగా ఉన్నాడు, అవ్వ మాట విన్నదని. వాడి సంతోషం చూస్తే నాకు ఒళ్లు మండుతోంది. అయినా కదలను. నువ్వు దారం తాకించుకునేదాకా గడప దాటను. నేను మంచాన పడితే అది నీ వల్లే అని మన కులం పెద్దలందరికీ చెబుతాను.

భయపడుతున్నావని తెలుసు. భయపడుతూనే తాకించుకో.

నర్సవ్వ


సిరిసిల్ల
జూలై మొదట్లో

చెల్లె,

నువ్వు చిన్నప్పటి నుంచీ రాక్షసివే.

తాకించుకున్నాను. అరుగు మీద కాళ్లు చాపి కళ్లు మూసుకున్నాను. ఎల్లవ్వ దారం పట్టుకుని కూర్చుంది. చాలాసేపు ఎదురుచూశాను. విసుగొచ్చి "ఇంకెప్పుడు మొదలువెడ్తవే?" అన్నాను. కళ్లు తెరిచి చూస్తే దారం చేతిలో పట్టుకుని ఏడుస్తోంది. అప్పటికే రెండు పాదాలూ అయిపోయాయట.

కాలెత్తి వెలుగుకు పట్టి చూస్తే మడమ కింద నల్లటి మచ్చ. అది మచ్చ కాదు. మగ్గం పన్నెలోంచి విరిగిన ఇనుప పుల్ల ముక్క. ఎన్నాళ్లుగా ఉందో తెలియదు. దాని చుట్టూ చీము పట్టి లోపలికి పోయింది. దాని మీదే నేను నడిచాను, నేశాను, పెళ్లిలో గొప్పలు పోయాను. నా కొడుకు సంపత్ ఆ రోజే కరీంనగర్ తీసుకుపోయాడు. కోసి, తీసి, కడిగారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే పాదం తీయాల్సి వచ్చేదన్నాడు డాక్టర్. దక్కింది.

ముందే తెలుసా అని అడుగుతావు. తెలుసు. రెండేళ్ల నుంచి కాళ్లు గుడ్డ చుట్టినట్లు ఉంటున్నాయి. చెబితే మగ్గం దిగమంటారని చెప్పలేదు. నీకు తువ్వాల ఎందుకు పంపానో నాకే తెలియదు. మన వంశంలో ఆ తప్పు పట్టగలిగేది నువ్వొక్కదానివేనని తెలిసీ పంపాను.

ఇప్పుడు నాకు బూట్లు ఇచ్చారు. నువ్వు తిట్టిపోసిన రకమే. కింద దిండు, పక్కన దిండు. పడవల్లా ఉన్నాయి. ఇంట్లో కూడా విప్పొద్దట. మగ్గం గుంటలో కాళ్లు దించొద్దట. మంచం మీద కూర్చుని దారం కండెలు చుట్టుకోమంటున్నాడు సంపత్. కండెలు! ఈ ఇంటి మగవాడు ఎన్నడైనా చరఖా ముందు కూర్చున్నాడా? బూట్లు మూల పెట్టి గోడకు తిరిగి పడుకుంటున్నాను. ఎల్లవ్వ అన్నం పెడితే తింటాను, లేకపోతే లేదు.

నాకు తీర్పు చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. బాపు లేడు. ఈసారి నువ్వు చెప్పు. దాటను.

సాంబయ్య


కడోదరా, సూరత్
జూలై, వానలు పట్టుకున్నాక

అన్నకు నర్సవ్వ తీర్పు.

బూట్లు వెయ్యి. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే వెయ్యి. వేశావా? ఇప్పుడు చదువు.

పలుచటి బూట్లు మంచివని నీ ముందు అంత వాదించిన నోటితోనే చెబుతున్నాను, నీకు మందపాటివే. నేల తెలిసే కాలికి నేలను దగ్గర చేయాలి. తెలియని కాలికి నేల నుంచి కాపలా పెట్టాలి. ఇందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు, నామోషీ అంతకన్నా లేదు. హిమశ్రీ మొదటి రోజే చెప్పింది, నేను నీకు రాయించాను కూడా. నువ్వు చదివి దాటేశావు. వేసుకునే ముందు బూటు తిరగేసి దులుపు. రోజూ సాయంత్రం వదినె నీ అరికాళ్లు వెలుగులో చూస్తుంది. కాలు లాక్కుంటే నాకు రాయమన్నాను.

ఇక కండెలు. చుట్టు. మన అవ్వ చుట్టింది, వదినె చుట్టింది, నేను చుట్టాను. నీ మగ్గం ఇన్నేండ్లు మేము చుట్టిన కండెల మీదే నడిచింది. అప్పుడు అది చిన్న పని అని నువ్వు అనలేదు, ఇప్పుడు ఎట్లా చిన్నదైంది? కండె వదులుగా చుడితే దారం తెగుతుంది, బిగుతుగా చుడితే పోగు సాగుతుంది. నీకు నేర్చుకోవడానికి చాలానే ఉంది. మొదటి నెల వదినె తిడుతుంది, పడు. కార్ఖానా నుంచి వచ్చాక సంపత్‌ను గుంటలో దింపి కళ్లకు గుడ్డ కట్టు. "కాలు ఏ కట్టె మీదుంది?" అని నువ్వు పైనుంచి అడుగు. అడిగేవాడికి కాళ్లతో పనిలేదు.

తువ్వాల నా దగ్గరే ఉంటుంది. తప్పు పోయిన వైపుతోనే ముఖం తుడుచుకుంటున్నాను. అదే మెత్తగా ఉంది.

మా ఇంటి సంగతి. నీ తీర్పు కాగితం పరమేశ్ ముందు పెట్టాను. చదివి "మామ గిట్ల రాసిండా?" అని రెండుసార్లు అడిగాడు. అప్పుడు విజయరాణి నేను అడగకుండానే దిండ్ల సంగతి చెప్పేసింది. ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. వాడు కాసేపు ఆమె ముఖం చూసి, నా ముఖం చూసి, "ఇద్దరు గల్సి నన్ను ఉల్టా జేసిండ్రు" అని చాయ్ అడిగాడు. కోడలు కూడా నా రకం జత కొనుక్కుంది. పెళ్లిళ్లకు మాత్రం వేసుకోదట. రాయి పిల్లా, ఇది కూడా రాయి.

పొద్దున మేకు మీద నుంచి బూట్లు తీశాను. వాన వెలిసింది. గల్లీ చివర మట్టి ఇంకా గట్టిగానే ఉంది, పైన మాత్రం జారుడు. బగీచా గేటు దగ్గర ఒక బండ కదులుతోంది, ఎడమ అంచున కాలు పెడితే ఊగుతుంది, పరమేశ్‌తో చెప్పి సరిచేయిస్తాను. గడ్డి మెత్తబడింది. వేప చెట్టు కింద కాయలు రాలాయి, ఒక్కొక్కటీ బూటు కింద చితికింది, చల్లగా ఉంది. జసుబెన్ వెనక నుంచి "ధీరే, బా, ధీరే" అంటోంది. నేను ఆగలేదు.

నేల ఇట్లా ఉంది అన్నా, ఈ రోజు. రేపు ఎట్లా ఉంటుందో రేపు చెప్పి రాయిస్తాను. నువ్వు బూట్లు విప్పకు.

నర్సవ్వ